నిమ్మకాయ మార్చని శనివారం

చిటికెన వేలంత పొడవు కూడా లేని ఒక రేకు ముక్కను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. గట్టిగా ఊదితే ఎగిరిపోతుంది. దాన్ని మోయలేక ఈ మధ్య నాకు నిద్ర పట్టడం లేదు, తిన్నది ఒంటికి పట్టడం లేదు, ఏ బండి కిందకు దూరినా మళ్లీ బయటికి రావాలనిపించడం లేదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పిరికితనం అంటారా, అనండి. పేర్లు మార్చాను. ఊరు మాత్రం మార్చలేదు. ఇబ్రహీంపట్నం కాకుండా ఇంకో పేరు రాస్తే ఆ రోడ్డు మలుపు నా కళ్ల ముందుకు రాదు, మలుపు కనిపించకపోతే నేను మళ్లీ ఏదో ఒక అబద్ధం రాసి తప్పించుకుంటానని నా భయం. నా సంగతి నాకు తెలుసు కదా. నిజానికి ఇది ఒక మనిషికి చెప్పాల్సిన మాట. ఆ మనిషి ఇప్పుడు నా షెడ్డు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముందు మీకు చెబుతున్నాను. మీ ముందు నోరు పెగిలితే అతని ముందు కూడా పెగులుతుందేమోనని ఆశ.

సాగర్ రోడ్డు మీద నాకొక షెడ్డు ఉంది. పాత కార్లను మళ్లీ రోడ్డెక్కించడం నా పని. ఇప్పుడు వాటిని వింటేజ్ అని ముద్దుగా పిలుస్తున్నారు గానీ నేను పని నేర్చుకున్న రోజుల్లో డొక్కు బండ్లు అనేవారు. వాటికి సొంత సామాన్లు దొరకవు. అందుకని ఒక బండిలోది తీసి ఇంకో బండికి వేస్తాం. జీపు సీట్లు, వ్యాను ఏసీ, మరో కారు ఇంజను. కోసి, అతికించి, అరగదీసి కూర్చోబెడతాం. ఈ పనిలో నాకు మంచి పేరుంది. ఆయన చేతిలో పడితే ఏ ముక్కయినా ఏ బండికైనా సరిపోతుంది అనేవారు. ఆ మాట చెవిన పడితే ఆ పూట అన్నం కూడా రుచిగా ఉండేది. సరిపోవడం వేరు, సరిపోయినట్టు కనబడటం వేరు. ఆ తేడా నాకు అప్పుడూ తెలుసు. తెలియక చేశానని మీతో అనను. అలా అనగలిగితే ఈ కాగితాలతో పనేముంది?

ప్రసాద్ గారు తెనాలి వైపు నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో స్థిరపడ్డ మనిషి. ఫంక్షన్లకు వంటలు చేయించే వ్యాపారం. ఒక పాత అంబాసిడర్ తుక్కుకు పోతుంటే చూసి మనసుపడి కొన్నారు. పెళ్లికొడుకులను ఊరేగించడానికి అద్దెకు తిప్పుదామని ఆయన ఆలోచన. చూడ్డానికి పాత బండిలా ఉండాలి, నడపడానికి కొత్త బండిలా ఉండాలండీ అన్నారు. మీగడ రంగు వేశాను. సీట్లకు ముదురు ఎరుపు తోలు కుట్టించాను. ఇక మిగిలింది స్టీరింగు. అంబాసిడర్ స్టీరింగు తిప్పాలంటే భుజాలు లాగేస్తాయి. ఊరేగింపులో అడుగడుగునా బండి ఆపుతూ తిప్పాల్సి వస్తే డ్రైవరు ప్రాణం పోతుంది. అందుకని తుక్కు దుకాణంలో ఒక వ్యాను పవర్ స్టీరింగు పట్టుకొచ్చాను.

పైభాగమంతా చక్కగా కూర్చుంది. చిక్కు కింద వచ్చింది. స్టీరింగు తిప్పితే ఒక కడ్డీ కదిలి చక్రాన్ని తిప్పుతుంది. ఆ కడ్డీ చివర ఒక పిన్ను ఉంటుంది, పైన లావుగా, పోనుపోను సన్నగా. చక్రం వెనక చేయిలా చాచి ఉండే ఇనుప ముక్కలో దానికి తగ్గ రంధ్రం ఉంటుంది. పిన్ను ఆ రంధ్రంలో బిగిసి కూర్చోవాలి. కింద నట్టు ఉంటుంది గానీ అసలు బలమంతా ఆ కూర్చోవడంలోనే ఉంటుంది. వ్యాను పిన్ను సన్నం. అంబాసిడర్ రంధ్రం పెద్దది. దించి చూస్తే లోపల కొంచెం ఆడింది. కొంచెమే.

దానికి దారి లేక కాదు. లేత్ మిషను మీద సరైన కొలతకు ఒక చిన్న గొట్టం చెక్కించి, పిన్నుకూ రంధ్రానికీ మధ్యలో దించితే సరిపోతుంది. పట్నం పోయి అడిగాను కూడా. చేతిలో పని ఉంది, రెండు మూడు రోజులు ఆగమన్నాడు లేత్ అతను. ఆ సాయంత్రమే ప్రసాద్ గారి ఫోను. "ఎల్లుండి దాటితే మూఢమండీ. మళ్లీ నెల దాటేదాకా మంచి రోజు లేదన్నారు పంతులుగారు. ఎలాగోలా బండి బయటికి వచ్చేయాలి, మా ఆవిడ ఊరుకోదు" అన్నారు. ఆగాలని చెప్పొచ్చు. ఆయన కాదనే మనిషి కూడా కాదు, కొంచెం గొణిగి ఊరుకునేవారు. కానీ చెప్పాలంటే, నా చేతిలో ఒక ముక్క సరిపోలేదని చెప్పాలి. అది నా నోట రాలేదు. వస్తుందండీ అన్నాను.

మా బాపు వ్యవసాయం చేసేవాడు. పారకు కామ వదులైతే సందులో చెక్కపేడు దిగ్గొట్టి, ఒక పూట నీళ్లలో నానేసి మళ్లీ పొలానికి తీసుకుపోయేవాడు. ఆ పార ఇంకో రెండు పంటలు పనిచేసేది. ఆ రోజు నా చేతులకు గుర్తొచ్చింది అదే. మూలన ఖాళీ ఆయిలు డబ్బా ఉంది, ఎర్ర రంగుది. దాని రేకు సన్నంగా కత్తిరించి, పిన్ను చుట్టూ చుట్టి, రంధ్రంలో దించి, సుత్తితో రెండు దెబ్బలు వేసి నట్టు బిగించాను. ఊపి చూశాను. కదల్లేదు. మూఢం పోయాక పిలిపించి గొట్టం వేసేద్దాంలే అనుకున్నాను. పార కామ ఊడితే మట్టిలో పడుతుంది, ఇది ఊడితే ఏమవుతుంది? ఆ ప్రశ్న నాకు తట్టలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. తట్టింది. జవాబు రాకముందే రెంచి కింద పడేసి సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

పూజ బ్రహ్మాండంగా జరిగింది. గుమ్మడికాయ పగలగొట్టారు. హారతి ఇచ్చారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. స్టీరింగు ముందు యాదయ్య కూర్చున్నాడు, ప్రసాద్ గారు కొత్తగా పెట్టుకున్న డ్రైవరు. ఇక్కడి పెద్ద చెరువులో చేపలు పట్టే కుటుంబం అతనిది. చెరువు ఎండిన ఏళ్లలో పొట్టకూటికి డ్రైవింగు నేర్చుకున్నాడు. బండి ఎక్కేముందు చెప్పులు విప్పాడు. ఒక్క వేలుతో స్టీరింగు తిప్పి, వెన్నలెక్క తిరుగుతుందన్నా అని నావైపు చూసి నవ్వాడు. నిమ్మకాయలు నలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మూఢం పోయింది. నేను పిలవలేదు. ఎందుకు పిలవలేదు? ఏమని పిలవాలి? అంతా బాగుందని పంపిన బండిని మళ్లీ తెమ్మంటే ఎందుకని అడుగుతారు. అడిగితే రేకు సంగతి చెప్పాలి. రేపు పిలుద్దాం, వచ్చే వారం పిలుద్దాం అనుకుంటూ ఉండగానే ఆ బండి ఫోటోలు ఫోన్లలో తిరిగాయి, కొత్త పనులు వచ్చాయి, షెడ్డు గోడకు ఆ బండి ఫోటోయే పెద్దది చేయించి తగిలించాను. దాని ముందు నుంచి రోజూ నడిచేవాణ్ని. మొదట్లో గుండె కొంచెం ఝల్లుమనేది. తర్వాత అలవాటైపోయింది. అన్నింటికంటే నాకు ఇప్పుడు భయం వేసేది ఆ అలవాటును తలచుకుంటేనే.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం యాదయ్య బండి తీసుకుని షెడ్డుకు వచ్చాడు. ఆ సమయానికి పట్నం నుంచి ఇద్దరు పెద్దమనుషులు నా దగ్గర కూర్చుని ఉన్నారు. పాత కార్లంటే పిచ్చి ఉన్నవాళ్లు. వాళ్ల కార్లు నాకివ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి వచ్చారు. యాదయ్య వాళ్లను చూసి కొంచెం తగ్గి, నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, జర సూడు. ఎడమకు తిప్పినప్పుడల్ల ముంగట టక్కుమంటున్నది."

"ఎప్పటి సంది?"

"వారం సంది. మొదలు గుంతలల్లనే వస్తుండె. గిప్పుడు మంచిగున్న రోడ్డు మీద గూడ వస్తున్నది."

నాకు అర్థమైపోయింది. ఆ ఇద్దరిలో ఒకాయన గోడ మీది ఫోటోకేసి, గేటు దగ్గరి బండికేసి చూసి, "ఇది మీరు చేసిన బండేగా?" అన్నాడు. మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం నా పనిని అనుమానించినట్టు వినబడింది.

వెళ్లి చక్రం దగ్గర వంగాను. చూసినట్టు నటించాను. చెయ్యి కూడా పెట్టలేదు.

"బండికేం కాలే యాదయ్యా," అన్నాను, వాళ్లకు వినబడేలా. "పెండ్లిండ్లకు తిరుగుతున్నది. మస్తు మంది కండ్లు పడ్తున్నయి. దిష్టి తాకింది. నిమ్మకాయ, మిరపకాయలు కట్టు. శనివారం శనివారం మార్చు."

ఆ ఇద్దరూ నవ్వారు. యాదయ్య కూడా నవ్వాడు, కానీ నా మొహంలోకి చూస్తూ నవ్వాడు.

"నిజంగనేనా అన్నా?"

"చెప్తున్న గద. ఫికర్ చెయ్యకు."

"సరే అన్నా. నువ్వు చెప్పినంక ఇంగేముంది."

బండి తిప్పుకుని రోడ్డెక్కాడు. ఎడమకు తిప్పాడు. టక్కుమన్న చప్పుడు నేను విన్నాను. నిజంగా అప్పుడు విన్నానా, లేక ఆ తర్వాత నుంచి రోజూ వింటున్న చప్పుడునే వెనక్కి తీసుకుపోయి అక్కడ పెట్టుకున్నానా? ఇప్పుడు తేల్చుకోలేను. తలుపు గడియ వేసినా, గ్లాసు బల్ల మీద పెట్టినా నాకు అదే చప్పుడు.

సాయంత్రం ఫోను చేద్దామనుకున్నాను. చేయలేదు. వారం తర్వాత అతనే చేశాడు. "నిమ్మకాయ కట్టిన అన్నా, చప్పుడు తగ్గింది" అన్నాడు, సంబరంగా. రేకు నలిగి పక్కకు జరిగి, సందు తాత్కాలికంగా పూడి ఉంటుంది. అలా తగ్గడం మంచిది కాదని, ఆ తర్వాత వచ్చేది చప్పుడు కాదని నాకు తెలుసు. మంచిదే, కడుతూ ఉండు అన్నాను. ఆ మాట అంటుంటే నాకు కూడా కొంచెం నమ్మకం కలిగింది. నవ్వకండి. నిమ్మకాయ పనిచేస్తే బాగుండునని ఆ రోజు నేను మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున అది జరిగింది. బడంగ్‌పేట్‌లో పెళ్లి. ముందురోజే బండి కడిగి ఇంటి దగ్గర పెట్టుకున్నాడు యాదయ్య. భార్య భారతమ్మ చేపలు అమ్మడానికి బొంగులూరు దాకా పోవాలి. అక్కడ కొత్త వెంచర్లలో ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఆదివారం చేపలు బాగా కొంటారు. ఖాళీగానే పోతున్నా కదా, దింపుతా రమ్మన్నాడు. వెనక డిక్కీలో గోనెసంచి పరిచి చేపల తట్ట పెట్టారు. ఆమె ముందు సీట్లో కూర్చుంది. ఊరు దాటాక రోడ్డు ఎడమకు తిరుగుతుంది. యాదయ్య తిప్పాడు. బండి తిరగలేదు. నేరుగా రోడ్డు దాటి అటువైపు కల్వర్టు గోడకు కొట్టుకుంది, ఎడమ పక్క మొత్తం లోపలికి పోయింది. భారతమ్మ అక్కడికక్కడే పోయింది. యాదయ్యకు చెయ్యి విరిగింది.

విని పరుగెత్తాను. రోడ్డంతా చేపలు. ఎవరో వాటిని ఏరి ఒక పక్కన పెడుతున్నారు. నలిగిపోయిన బంపరుకు నిమ్మకాయ ఇంకా వేలాడుతోంది. ఎండి నల్లబడిపోయింది.

బండిని నా షెడ్డుకే లాక్కొచ్చారు. దగ్గరున్నది అదే, బండి గురించి తెలిసినవాణ్ని నేనే. అందరూ దవాఖాన వైపు పోయాక నేను కిందకు దూరాను. పిన్ను రంధ్రంలోంచి బయటికి వచ్చేసి ఉంది. రంధ్రం అరిగి ఇంకా పెద్దదైంది. అంచున రేకు ముక్క ఇరుక్కుని ఉంది, నలిగి మెరుస్తోంది, ఒక మూల ఇంకా ఎర్ర రంగు ఉంది. దాన్ని చూడగానే నాకేమనిపించాలి? భారతమ్మ గుర్తుకు రావాలి కదా? రాలేదు. పటకారుతో పీకి జేబులో వేసుకున్నాను. అంత త్వరగా నా చేతులు ఎప్పుడూ పని చేయలేదు.

మర్నాడు బండిని పరిశీలించడానికి అధికారి వచ్చాడు. నెమ్మదస్తుడు. వంగి చూసి, ఈ కీలు ముందే ఊడిందా, గుద్దుకున్నాక ఊడిందా అని నన్ను అడిగాడు. ఆ బండిని విప్పి బిగించినవాణ్ని నేనని ఆయనకు చెప్పారు. నన్ను అనుమానించడానికి ఆయనకు కారణం లేదు. గుద్దినంక ఊడింది సార్ అన్నాను. ఆయన తల ఊపాడు. మొదట రేకు పెట్టినప్పుడు తొందరలో ఉన్నానని చెప్పుకోవచ్చు. దిష్టి అన్నప్పుడు పరువు అడ్డమొచ్చిందని చెప్పుకోవచ్చు. ఈ మాటకు ఏం చెప్పుకోను? ఎవరూ తొందరపెట్టలేదు. ఎవరూ నవ్వడం లేదు. కేవలం నన్ను నేను కాపాడుకోవడానికి, విరిగిన చేత్తో దవాఖానలో పడి ఉన్న ఒక మనిషి మెడకు ఆ చావును చుట్టాను.

తిప్పిన, తిరగలే అని యాదయ్య కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ముందురోజు సాయంత్రం కల్లు తాగాడన్న మాట బయటికి వచ్చింది. తాగాడు, నిజమే, రోజూ తాగినట్టే. పొద్దుటికి ఆ మాట ముదిరి, తాగి నడిపాడని అయింది. చెప్పగా చెప్పగా అతని గొంతు తగ్గింది. తిప్పిన అన్న మనిషి, తిప్పిననా అనడం మొదలుపెట్టాడు. చివరికి కోర్టులో, అవ్, నాదే తప్పు అని ఒప్పుకున్నాడు. చేయని తప్పును నిలబడి ఒప్పుకున్నాడు. చేసినవాణ్ని నేను బయట వరండాలో, అతని తరఫున వకీలును మాట్లాడి పెట్టిన మంచివాడిలాగా నిలబడ్డాను.

వాళ్లకొక్కతే కూతురు, శ్రావణి. అప్పటికి చిన్నబడిలో చదువుతోంది. భారతమ్మ తల్లి వచ్చి పిల్లను రావిర్యాలకు తీసుకుపోయింది. తాగి నీ తల్లిని చంపాడు, ఆ మొహం చూడకు అని చెప్పి పెంచింది. యాదయ్య శిక్ష పూర్తయి జైలు నుంచి వచ్చాక పిల్లను చూడటానికి రెండుసార్లు వెళ్లాడు. గుమ్మం దగ్గరి నుంచే పంపేశారు. మళ్లీ పోలేదు. స్టీరింగు కూడా మళ్లీ పట్టలేదు. అప్పుడు నేను అతన్ని పిలిచి షెడ్డు గేటు దగ్గర పని ఇచ్చాను. ఊళ్లో అందరూ నన్ను మెచ్చుకున్నారు. అన్న లేకుంటే నేనేమైపోతుంటినో అని యాదయ్య ఇప్పటికీ అంటాడు. పొద్దున్నే గేటు తీసి అన్నా అని పలకరిస్తాడు. ఆ పిలుపు వినకుండా నాకు ఒక్క రోజు మొదలు కాదు.

ప్రసాద్ గారు ఆ బండి ముఖం మళ్లీ చూడలేదు. అచ్చిరాలేదండీ, మీరే ఏదో ఒకటి చేసుకోండి అన్నారు. నేనేమీ చేయలేదు. షెడ్డు వెనక తార్పాలిన్ కప్పుకుని ఇంకా ఉంది.

యాదయ్య పనిలో చేరిన కొత్తలో ఒక శనివారం, షెడ్డులో ఉన్న బండ్లన్నింటికీ నిమ్మకాయలు కడుతూ కనబడ్డాడు. అన్నింటికీ కట్టి, వెనక్కి వెళ్లి తార్పాలిన్ ఎత్తి, దానికి కూడా కట్టాడు. దానికెందుకయ్యా అన్నాను. ముడి వేస్తూనే చెప్పాడు.

"నువ్వు చెప్పినవ్ గద అన్నా, శనివారం శనివారం మార్చుమని. గా శనివారం నేను మార్చలే. బండి కడుగుడుకే పొద్దు పోయింది. మా భారతమ్మ అన్నది గూడ, నిమ్మకాయ ఎండింది గదా అని. రేపు కడ్తతియ్ అన్న. తెల్లారి గట్లయింది."

కల్లు వల్ల అయిందని ఊరు అనుకుంటోంది. నిమ్మకాయ వల్ల అయిందని అతను అనుకుంటున్నాడు. ఎండిన నిమ్మకాయ మార్చనందుకు భార్య పోయిందని, ఆ తప్పు తనదేనని, ఇంకెవరికీ అలా జరగకూడదని వారం వారం తన డబ్బులతో కొని కడుతున్నాడు. ఆ నిమ్మకాయను అతని చేతిలో పెట్టింది నేను. ఆ పూటే కాళ్ల మీద పడి ఉండాల్సింది. టీ తాగుదాం రా అన్నాను. అప్పటి నుంచి ప్రతి శనివారం అతను కడుతున్నాడు, నేను చూస్తున్నాను.

ఇలాగే చచ్చేదాకా గడిపేవాణ్నేమో. పోయిన వారం శ్రావణి వచ్చింది. రావిర్యాల నుంచి మా వైపు ఏదో ఫ్యాక్టరీకి పనికి వస్తోందని విన్నాను. కంపెనీ బస్సు మా షెడ్డు ముందు నుంచి పోయినప్పుడల్లా యాదయ్య లేచి నిలబడేవాడు, ఏ కిటికీలో ఉంటుందో తెలియకపోయినా. ఆ రోజు అతను అన్నానికి ఇంటికి పోయాడు. ఆ పిల్ల కావాలనే ఆ వేళ చూసి వచ్చినట్టుంది. కూర్చోలేదు.

"బండి మీరే చేసిండ్రట గద. మీకు తెల్వాలె. మా బాపు నిజంగ తాగి నడిపిండా?" అంది.

తల్లి పోలిక. నేరుగా చూస్తుంది. లేదు బిడ్డా అంటే చాలు. ఆ రెండు మాటలకు నా షెడ్డు కూలిపోదు. రేకు సంగతి కూడా అడగలేదు ఆ పిల్ల. ఎదురుగా నిలబడి, తండ్రిని తిరిగి ఇమ్మని అడిగింది, అంతే.

తెల్వదు బిడ్డా, నేనాడ లేను గద అన్నాను.

సరే అంది. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగింది. స్టూలు మీద యాదయ్య తువ్వాలు ఉంది. దాన్ని చూస్తూ కాసేపు నిలబడింది. ముట్టుకుంటుందేమో అనుకున్నాను. ముట్టుకోలేదు. రోడ్డు దాటి వెళ్లిపోయింది. యాదయ్య వచ్చాక ఈ సంగతి కూడా అతనికి చెప్పలేదు. కూతురు గుమ్మం దాకా వచ్చి వెళ్లిందని తెలిస్తే ఎంత సంతోషించేవాడో, అది కూడా దాచాను. రాకాసితనం అంటే ఇదేనేమో. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదని ముందే చెప్పాను.

ఈ రోజు శనివారం. పొద్దున అతను నిమ్మకాయలన్నీ కట్టి, బోరింగు దగ్గరికి నీళ్లకు పోయాడు. నేను లేచి, బ్లేడు తీసుకుని, ఒక్కో బండి దగ్గరికీ పోయి దారాలన్నీ కోసేశాను. తార్పాలిన్ ఎత్తి దానిది కూడా కోశాను. బిందెతో వచ్చి చూశాడు. బిందె దించలేదు. ఎవరు తీసిండ్రన్నా అని అడిగాడు. నేనే తీసిన అన్నాను. ఇన్నేళ్లలో ఈ విషయంలో అతనికి నేను చెప్పిన మొదటి నిజం అది. ఎందుకన్నా అన్నాడు. కూసో, చెప్తా అని లోపలికి వచ్చి, ఇది రాయడం మొదలుపెట్టాను.

గ్రీజు డబ్బా అడుగు నుంచి రేకు ముక్క బయటికి తీశాను. ఎందుకు పారేయలేదో నాకే తెలియదు. చెరువు దాకా రెండుసార్లు తీసుకుపోయి తిరిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు కాగితం పక్కన ఉంది. ఒక మూల ఎర్ర రంగు ఇంకా పోలేదు. ముందు యాదయ్యకు చెప్పాలి. తర్వాత శ్రావణికి. ఆ తర్వాత ఎవరికి చెప్పమంటే వాళ్లకు, ఆ కోర్టులో అడిగినా సరే. క్షమించమని అడగను, అడిగే మొహం నాకు లేదు. అతను కొడితే పడతాను. కొట్టకుండా ఊరుకుంటేనే ఏం చేయాలో తెలియదు.

ఇంత రాశాక గుండెలో బరువు కొంచెం తగ్గినట్టుంది. తగ్గిందని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ తగ్గింది.

కిటికీలోంచి అతను కనబడుతున్నాడు. స్టూలు మీద నుంచి లేచాడు. నేను కోసి పారేసినవాటిలోంచి ఒక నిమ్మకాయను ఏరి, తువ్వాలుతో తుడిచి, నా మోటారుసైకిలు దగ్గర కూర్చుని హ్యాండిలుకు కడుతున్నాడు. నాకేమన్నా అవుతుందని అతని భయం.

రేకు ముక్క చేతిలోకి తీసుకున్నాను. వెళ్తున్నాను.